రాత్రికి రాత్రి రోగము ముదురునా?

"మొన్న లక్ష్మివారం దాకా కర్ర పట్టుకొని బుధవారీ బజారు వరకు నడిచొచ్చిన మనిషండీ. నిన్న రాత్రి మంచం మీంచి లేవలేకపోయారు. నోట మాట కూడా సరిగా రావట్లేదు. ఒక్క రోజులో రోగం అంత ముదిరిపోద్దా, డాక్టరుగారూ?"

బిలాస్‌పూరు రైల్వే కాలనీలలో కంపవాతము, అనగా పార్కిన్‌సన్ వ్యాధి, పట్టిన భర్తకు ఏండ్ల తరబడి పరిచర్య చేయుచున్న ఏ ఇల్లాలైనను ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడుగక మానదు. అడుగునప్పటికే సమాధానము కూడ ఆమె మనస్సులో సిద్ధమై యుండును: ఇక ఇంతే, మంచము పట్టినవారు మరల లేవరు అని. ఇరుగుపొరుగువారు వయస్సును కారణముగా చెప్పుదురు. బంధువులు గ్రహచారమును చెప్పుదురు. నేను చెప్పదలచినది వేరు. క్షీణవ్యాధులు సంవత్సరముల లెక్కన సాగును. దినముల లెక్కన సాగవు. రెండు మూడు దినములలో మనిషి అమాంతముగా క్రుంగిపోయినచో, కంపవాతమునకు తోడు మరియొక కారణము శరీరములో ఎక్కడనో వచ్చి చేరినదని అనుమానింపవలెను. ఆ కారణము పలుమారులు ఇన్‌ఫెక్షన్ అని మనమందరము అనుచున్న సూక్ష్మజీవుల సోకుడే యగుచుండును. సోకుడు తగ్గినచో మనిషి చాలవరకు మరల కోలుకొనును.

ఈ ఊరి తెలుగు ఇండ్లను గూర్చి ఒక మాట ముందుగా చెప్పవలసి యున్నది. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ, 1891 నాటికి నాగపూరును ఆసన్‌సోలుతో కలుపుచు బిలాస్‌పూరు మీదుగా పట్టాలు పరచెను. 1931లో విజయనగరము–రాయపూరు మార్గము పూర్తియైనది. గంజాము మొదలు విశాఖపట్టణము వరకు గల పల్లెలనుండి కళాసీలు, ఫైర్‌మెన్‌లు, గార్డులు, గుమాస్తాలు ఈ మార్గముల వెంట వచ్చి స్థిరపడిరి. కంపెనీ 1944లో ప్రభుత్వపరమైనది, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే యైనది, 2003లో బిలాస్‌పూరే ప్రధాన కేంద్రముగా సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే వెలసినది. తండ్రుల ఉద్యోగములు ఇక్కడ ముగిసినవి, పిల్లల ఉద్యోగములు హైదరాబాదులోను బెంగుళూరులోను మొదలైనవి. మిగిలినది ఇద్దరే. డెబ్బదియైదేండ్ల రోగిని అరువదియెనిమిదేండ్ల ఆమె లేపి కూర్చుండబెట్టవలెను. భార్యకు రోగమై భర్త పరిచర్య చేయు ఇండ్లును గలవు. ఆ భర్తలలో కొందరు డెబ్బదవ యేట అన్నము వార్చుట నేర్చుకొనిరి, అది వేరొక కథ.

ఒంటి లైను మీద నడచు బండ్లు

1817లో జేమ్స్ పార్కిన్‌సన్ అను లండను వైద్యుడు వణకుతో కూడిన ఈ పక్షవాతమును వర్ణించుచు ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. మెదడు నడిమి భాగమున, అడుగున, నల్లని చారవలె కన్పించు ప్రదేశ మొకటి గలదు; అందలి కణములు నశించుటయే ఈ వ్యాధికి మూలమని తరువాతి శతాబ్దములో గాని తెలియలేదు. ఆ నల్లచారలో ఉన్నవి కొన్ని లక్షల కణములు మాత్రమే. అవి డోపమైన్ అను రసాయనమును తయారుచేసి, అంగములకు కదలికను నిర్ణయించు కేంద్రములకు అందించుచుండును. చేతి వణకు మొదటిసారి ఇంటివారి కంట పడునాటికే అచ్చటి డోపమైన్ సగమునకు మించి తరిగిపోయి యుండును. అనగా అంతవరకు ఉన్న నిల్వయే ఆ లోటును కప్పిపుచ్చినదన్నమాట.

రైల్వే కుటుంబములకు దీనిని వివరించుట సులభము. జంట లైనుల మార్గములో ఒక లైను ఎన్నడో మూతపడినదనుకొందము. మిగిలిన ఒంటి లైను మీదనే, క్రాసింగులు జాగ్రత్తగా కుదుర్చుకొనుచు, స్టేషను మాస్టర్లు బండ్లనన్నిటిని నడుపుచున్నారు. టైము టేబులు కొంచెము సాగదీసినను ప్రయాణికునికి పెద్ద తేడా తెలియదు. ఒకనాడు నడిమి స్టేషనులో ఒక గూడ్సుబండి ఇంజను చెడి నిలిచిపోవును. జంట లైనుల మీద అది అరగంట ఆలస్యము. ఒంటి లైను మీద అది ఆ సెక్షన్ అంతటి స్తంభన. పట్టాలు కొత్తగా ఏమియు విరుగలేదు. ఆగిన ఇంజనును తొలగించినచో బండ్లు మరల కదలును, అయితే వెంటనే కాదు. పేరుకొనిన బండ్లు సర్దుకొనుటకు ఆ రాత్రియు, ఒకప్పుడు మరునాడును పట్టును. ముప్పదియేండ్ల కుమారునికి మూడు దినముల జ్వరము మిగిల్చు నీరసమునకును, కంపవాతము గల తండ్రికి అదే జ్వరము తెచ్చు పతనమునకును గల వ్యత్యాసము ఇదియే.

జ్వరమును పుట్టించునది ఎవరు?

జ్వరము సూక్ష్మజీవుల పని యని మనము సామాన్యముగా భావింతుము. నిజమునకు జ్వరమును పుట్టించునది మన శరీరమే. మూత్రాశయములోనో ఊపిరితిత్తులలోనో బాక్టీరియా చేరగానే తెల్లరక్తకణములు కొన్ని వార్తాహర పదార్థములను విడుదల చేయును. వీనికి సైటోకైన్‌లని పేరు. ఇవి రక్తము ద్వారాను, కడుపునుండి మెదడునకు పోవు వేగస్ అను పొడవైన నాడి ద్వారాను తమ వార్తను పైకి చేర్చును. మెదడులోని ఉష్ణనియామక కేంద్రము ఆ వార్తను అందుకొని శరీరపు వేడిని బుద్ధిపూర్వకముగా పెంచును. ఒక్క సెల్సియస్ డిగ్రీ పెరిగినచో శరీరము ఖర్చుచేయు శక్తి నూటికి పది పదమూడు పాళ్లు హెచ్చును. ఆకలి చచ్చుట, మూలకు ముడుచుకొని పడుకొనుట, ఎవ్వరితోను మాటలాడ బుద్ధి పుట్టకుండుట ఇవన్నియు అదే వార్త ఫలములు. జబ్బుపడిన జంతువు ఇట్లు ముడుచుకొనుట దౌర్బల్యము కాదనియు, శక్తిని పోరాటమునకు మిగుల్చుకొను ఏర్పాటనియు కాలిఫోర్నియాకు చెందిన పశువైద్య శాస్త్రజ్ఞుడు బెంజమిన్ హార్ట్ 1988లో వాదించెను. ఆరోగ్యవంతునికి అది ఏర్పాటే. డోపమైన్ నిల్వ తరిగినవానికి మాత్రము ఆ మందకొడితనము, కంపవాతపు మందకొడితనమునకు తోడై, రెంటిని వేరుపరచుట వైద్యునకు సైతము కష్టమగును.

ఇంతటితో ముగియలేదు. మెదడులో మైక్రోగ్లియా అను కావలి కణములు గలవు. ఆరోగ్యముగానున్న మెదడులో ఇవి శాంతముగా ఉండును. ఒక క్షీణవ్యాధి ఏండ్ల తరబడి సాగిన మెదడులో ఇవి ముందే ఉద్రిక్తములై యుండి, బయటినుండి చిన్న వార్త వచ్చినను అతిగా స్పందించును. ఇంగ్లండులోని సౌథాంప్టన్‌లో కోల్మ్ కనింగ్‌హాం, హ్యూ పెరీ అను శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కూడి 2005లో దీనిని ఎలుకలలో చూపిరి: మెదడు వ్యాధి లేని ఎలుకకును, ఉన్న ఎలుకకును బాక్టీరియా పొరనుండి తీసిన ఒకే పదార్థమును ఇచ్చినప్పుడు, రెండవదాని మెదడులో వాపు అధికమై, కణనాశమును హెచ్చినది. ఎలుకల మెదడులో కనిపించినదంతయు మనుష్యులకు అట్లే అన్వయించుట తగదు. అయినను ఒక సోకుడు ముగిసిన పిమ్మట కొందరు రోగులు పూర్వస్థితికి ఒక మెట్టు దిగువనే ఆగిపోవుటకు ఇది ఒక కారణము కావచ్చును. కనుకనే సోకుడును ఆలస్యము లేకుండ పట్టుకొనవలెనను తొందర.

మాత్ర పొట్టలో నిలిచిపోయినప్పుడు

మన పల్లెలలో తాకినంతనే దురద పుట్టించు దూలగొండి తీగ అందరికి తెలిసినదే. దాని గింజలనుండి 1937లో మద్రాసునందు దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు లెవోడోపా అను పదార్థమును వేరుపరచిరి. అప్పటికి దానితో ఏమి చేయవచ్చునో ఎవ్వరికిని తెలియదు. 1957లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్, కదలిక ఉడిగిన కుందేళ్లకు ఇదే పదార్థమునిచ్చి లేపి తిరుగజేసెను; 1960 దశకము ముగియులోపల అది కంపవాతమునకు ప్రధానౌషధమైనది. నేడు కాలనీలలో సిండోపా మాత్ర అని పిలువబడునది, కార్బిడోపాను జతచేసిన ఆ లెవోడోపాయే.

ఈ మాత్రకు గల స్వభావములను తెలిసికొననిదే జ్వరపు దినములలోని పతనము అర్థము కాదు. ఇది పొట్టలో రక్తములోనికి ఎక్కదు. పొట్టను దాటి చిన్నప్రేవు మొదటి భాగమును చేరిన పిమ్మటనే ఎక్కును. కంపవాతములో పొట్ట కదలిక సహజముగనే మందము. జ్వరము, మలబద్ధకము, నీరు తక్కువగుట దానిని మరింత మందగింపజేయును. వేళకు వేసిన మాత్రయు పొట్టలోనే గంటల కొలది కూర్చుండును. ఎక్కిన మందు కూడ రక్తములో చిరకాలము నిలువదు, సుమారు గంటన్నరకు సగమై పోవును. అందువలన ఎనిమిది గంటల మాత్రను పది గంటలకు వేయుట రక్తపోటు మాత్ర విషయములో అంతగా బాధింపకపోవచ్చును గాని, ఇచ్చట ఆ రెండు గంటలే మనిషిని మంచమునకు బిగించివేయును. ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఈ చిక్కు మరింత పెరుగును. వార్డులో మందులు పంచు వేళలు వార్డువి, రోగివి కావు. ఇంటినుండి వేళలు వ్రాసిన కాగితమును, మాత్రల సీసాను వెంట తీసికొనిపోయి, "ఈ మందు మాత్రం నిమిషం తప్పకుండా ఇప్పించండి" అని నర్సుగారిని బ్రతిమాలుకొను ఇల్లాలిని మొండిదాని క్రింద జమకట్టరాదు. మ్రింగలేని స్థితి వచ్చినచో ముక్కుగొట్టము ద్వారానైనను మందు అందునట్లు వైద్యుడు ఏర్పాటు చేయవలెను.

ఏలనన, లెవోడోపాను హఠాత్తుగా ఆపివేసినచో అపాయకరమైన స్థితి యొకటి పుట్టవచ్చును: కండరములు కొయ్యబారుట, తీవ్రజ్వరము, మతి చెదరుట. చూచువారికి అది సోకుడు ముదిరినట్లే తోచును. సోకుడుకని మందులు పెంచుదురు, అసలు లోపము ఆగిన మాత్రలో ఉండును.

ఇతర మందుల సంగతి కూడ ఇచ్చటనే చెప్పవలెను. వాంతి యనగానే మందులషాపులో అందించు మెటోక్లోప్రమైడ్, తలత్రిప్పునకు వాడు ప్రోక్లోర్‌పెరజిన్, ఆస్పత్రిలో రాత్రిపూట అల్లరి చేయు వృద్ధులకు ఇచ్చు హాలోపెరిడాల్, ఈ మూడును మెదడులో డోపమైన్ పనినే అడ్డగించును. ఉన్న కొద్దిదానికిని తలుపు మూయును. కంపవాతమునకే ఇచ్చు రసజిలిన్, సెలెజిలిన్ మాత్రలు వాడువారికి లినెజోలిడ్ అను యాంటీబయాటిక్ పొసగదు. సిప్రోఫ్లాక్ససిన్ రసజిలిన్‌ను రక్తములో హెచ్చించును. నీరసమునకని ఇచ్చు ఇనుము మాత్రలు లెవోడోపాతో ఒకే వేళ పడినచో దానిని ప్రేవులలో పట్టి ఆపును. వీని పేర్లు కంఠస్థము చేయనక్కర లేదు, కాగితమున వ్రాసి సంచిలో ఉంచినచో చాలును. తలుపులు మూయు మందులున్నట్లే, అనుకోకుండ తెరచిన మందు కూడ ఒకటి ఉన్నది. 1968లో బోస్టనునందు ఫ్లూ రాకుండుటకని అమాంటడిన్ తీసికొన్న ఒక కంపవాత రోగిణి, ఆ మాత్రలు వాడినన్నాళ్లును తన బిగువు, వణకు తగ్గినవని డాక్టరు రాబర్ట్ ష్వాబ్‌కు చెప్పెను. ఆయన ఆ మాటను కొట్టివేయక పరీక్షింపబట్టి, నేటికిని ఆ ఫ్లూ మందు కంపవాతమునకు వాడుకలోనున్నది.

సంధి పుట్టిన రాత్రి

జ్వరపు దినములలో ఇంటిదానిని భయపెట్టునది నడక ఆగుటకంటెను మతి తప్పుట. పగలంతయు మగతగా పడియున్న విశ్రాంత గార్డుగారు రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుండి, బండి బయలుదేరవలెను జెండా ఏదీ అని అడుగవచ్చును, భార్యను చూచి "ఎవరమ్మా నువ్వు?" అనవచ్చును, గోడమీద చీమలబారు లేకున్నను చేతితో తుడువవచ్చును. దీనిని మన పెద్దలు సంధి ప్రేలాపన యనిరి, వైద్యులు డిలీరియం అందురు. మతిమరపు వ్యాధి నెలలు, ఏండ్లు పట్టి క్రమముగా వచ్చును. సంధి గంటలలోనో ఒకటి రెండు దినములలోనో వచ్చి, ఒకే దినమున హెచ్చుచు తగ్గుచుండును. ఈ భేదమును పట్టుకొనినచో సగము భయము తీరును, తొందర మాత్రము రెట్టింపు కావలెను. సంధి యనగా శరీరములో మరియొకచోట ఏదో జరుగుచున్నదనుటకు తార్కాణము.

అరచి అల్లరి చేయు సంధిని అందరును గుర్తింతురు. నిశ్శబ్దపు సంధి యొకటి గలదు. అందు రోగి కన్నులు మూసికొని పిలిచినను పలుకక, ఒద్దికగా పడియుండును. "పాపం, ఇవాళ హాయిగా పడుకున్నారు" అని ఇంటివారు సంతోషింతురు. ఇదియే ఎక్కువగా కన్ను గప్పునది.

అట్టి రాత్రి వాదన వలదు. బండి లేదని ఋజువు చేయబూనుట వ్యర్థము. "బండి తెల్లారితే గాని లేదంట, పడుకోండి" అను మాట పనిచేయును. కండ్లజోడు పెట్టి, చెవియంత్రము ఉన్నచో తగిలించి, మందమైన దీపము వెలిగించి, తెలిసిన ముఖము ఎదుట ఉండునట్లు చూచుట, దాహమునకు ఇచ్చుట, మూత్రము బిగబట్టి యున్నదేమో, మలబద్ధకమేమో విచారించుట మొదట చేయవలసినవి. వణకు తగ్గుటకని పూర్వము ఇచ్చిన ట్రైహెక్సిఫెనిడిల్ వంటి మాత్రలు వృద్ధులలో ఈ మతిభ్రమణమును పెంచును గనుక, వాని మాట డాక్టరునకు తప్పక చెప్పవలెను.

సోకుడు ఎచ్చట మొదలగును?

ముఖ్యముగా మూడు తావులు: ఊపిరితిత్తి, మూత్రాశయము, చర్మము. మూడవది త్వరగా చెప్పవచ్చును: కదలక పడియున్నవాని పిరుదులమీదను మడమలమీదను ఎరుపెక్కిన చోటు కన్పించినచో అది పుండగు ముందే ప్రక్క మార్చుచుండవలెను. మొదటిదానికి ఎక్కువ వ్రాయక తప్పదు, కంపవాత రోగుల మరణకారణములలో న్యుమోనియా ముందు వరుసలో నిలుచుచున్నది గనుక.

మింగుట ఒక క్లిష్టమైన కండరక్రీడ. అది మందగించినప్పుడు నీరు అన్నవాహికకు బదులు శ్వాసనాళము త్రోవ పట్టును. పొలమారినప్పుడు ఎవరో తలచుకొనుచున్నారని మనము నవ్వి, మాడు తట్టి ఊరకుందుము. కంపవాతమున్న యింట ఆ తలపులు దినమునకు పలుమారులు కలుగుచున్నచో నవ్వరాదు. అంతకంటె చిక్కు ఏమనగా, దగ్గు స్పందన కూడ మందగించిన రోగికి పొలమారుటయే తెలియదు; నోటిలోని బాక్టీరియాతో కూడిన తడి సద్దు లేకుండ ఊపిరితిత్తులలోనికి జారును. నిటారుగా కూర్చుండబెట్టి, గడ్డము కొంచెము దించి, చిన్న గ్రుక్కలుగా, మందు పనిచేయుచున్న వేళ చూచి ఇవ్వవలెను. పలుచని మంచినీటికంటె చిక్కగా కాచిన చోడి అంబలి చాలమందికి సులువుగా దిగును. పండ్లు, నాలుక పూటపూటకు శుభ్రము చేయుట అలంకారము కాదు. జారిపోవు తడిలో సూక్ష్మజీవుల సంఖ్యను తగ్గించుట.

మూత్రాశయపు కథ బిలాస్‌పూరు వేసవితో ముడిపడి యున్నది. మే నెలలో ఇచ్చట పాదరసము 45 డిగ్రీల దరిదాపులకు ఎక్కును. చెమట హెచ్చును, రాత్రి లేచి పోవలసి వచ్చునను భయముచేత, లేపు భార్యకు శ్రమయను సంకోచముచేత, రోగి నీరు త్రాగుట మానివేయును. అసలే సరిగా ఖాళీ కాని మూత్రాశయములో చిక్కబడిన మూత్రము నిలువయుండును. వృద్ధులలో మంట, జ్వరము ఏమియు లేకయే సోకుడు ముదురవచ్చును; తీవ్రమైన సోకుడులలోను నూటికి ఇరువది ముప్పదిమంది వృద్ధులకు ఒళ్లు కాలదు. దీనికి ఎదురుగా మరియొక పొరపాటు గలదు: వాసన వచ్చినంత మాత్రాన, పరీక్షలో బాక్టీరియా కన్పించినంత మాత్రాన యాంటీబయాటిక్ మ్రింగించుట. ఏ బాధయు లేని వృద్ధుల మూత్రములోను బాక్టీరియా ఉండుట సామాన్యము. మనిషిలో మార్పు, పరీక్షలో ఋజువు, రెండును కలిసినప్పుడే ఆ మందునకు విలువ. భీమవరములో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలోని లెడర్లే పరిశోధనాలయమునుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడినప్పుడు ప్రపంచము ఆశ్చర్యపడినది. అట్టి ఔషధములను మనము నేడు జలుబునకును వాడి అరగదీయుచున్నాము.

ఆమె కంటికి అందునది

థర్మామీటరు చూపని మార్పును ముందుగా చూడగలది పరిచర్య చేయు ఇల్లాలొకతెయే. ఆయన కుర్చీనుండి లేచుటకు నిన్న ఎంత ఊగిసలాడెనో, సంతకము ఎంత చిన్నదయ్యెనో, ఏ వేళకు ముఖము తేటపడునో ఆమెకు తెలిసినట్లు ఏ నిపుణునికిని తెలియదు. సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే వారి సెంట్రల్ హాస్పిటల్‌లోనో, 2001లో వెలసిన సిమ్స్ వైద్యకళాశాల ఆస్పత్రిలోనో అత్యవసర విభాగపు యువవైద్యుడు రోగిని ఆ దినమే మొదటిసారి చూచును. మంచమున కొయ్యబారి పడియున్న డెబ్బదియైదేండ్ల వృద్ధుడు ఎప్పుడును ఇట్లే యుండుననుకొనుట అతనికి సహజము. "మొన్నటి దాకా ఈయన తన అన్నం తనే తిన్నారు బాబూ, ఇది రెండు రోజుల మార్పు" అను ఒక్క వాక్యము అక్కడ రక్తపరీక్షకు దీటైన సమాచారము. ఫోనులో తీసియుంచిన పాత నడక వీడియో ఉన్నచో మరియు మంచిది.

సంధి పుట్టినను, ఊపిరి వేగము హెచ్చినను, నీరు సైతము దిగకున్నను, మాత్రలు వరుసగా రెండు తప్పినను ఇంటివైద్యమునకు తావులేదు. అంతవరకు రానిచో జ్వరమునకు పారసెటమాల్ తగిన మోతాదులో ఇచ్చి వేడిని దించవచ్చును. ఈ ప్రాంతమున డెంగ్యూయు మలేరియాయు గలవు గనుక రక్తపరీక్ష కాకముందే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ జోలికి పోరాదు. లేపునప్పుడు మంచము అంచున కొంతసేపు కూర్చుండబెట్టి పిమ్మట నిలబెట్టవలెను. నీరు తగ్గిన శరీరములో నిలబడగానే రక్తపోటు పడిపోయి మనిషి కూలును. తుంటి విరిగినచో సోకుడుకంటె అది పెద్ద యాపద.

పరిచర్య చేయునామెకు కూడ జ్వరము వచ్చును. ఆ దినమున ఏమి చేయవలెనో ముందే ఆలోచించిన ఇండ్లు అరుదు. పొరుగింటి తెలుగువారికో, పనిమనిషికో మాత్రల వేళలు చెప్పియుంచుట, ఇద్దరును ఏటేట ఫ్లూ టీకా వేయించుకొనుట, ఆయనకు న్యుమోనియా టీకాను గూర్చి డాక్టరును అడుగుట తేలిక పనులు. అయినను తన పేరిట చేయవలసిన పనిని ఆమె ఎప్పుడును చివరకు నెట్టుచుండును. మన గృహిణుల ఈ అలవాటును త్యాగమని పొగడుట నాకు నచ్చదు. ఆమె పడినచో ఆ యింట రోగులు ఇద్దరగుదురు.

జ్వరము విడిచిన దినముననే నడక తిరిగి రాదు. సోకుడు వారము దినములలో తగ్గినను, సంధి మబ్బు విడుటకు వారములు, ఒకప్పుడు నెలలు పట్టును. మంచమున గడచిన ప్రతిదినమును తొడకండరములను కరగించును గనుక, వైద్యుడు అనుమతించిన నాటినుండియే కూర్చుండబెట్టుట, నాలుగడుగులు వేయించుట సాగవలెను. ఈ నడిమి కాలమున కంపవాతపు మందు చాలుటలేదని తొందరపడి మోతాదు పెంచినచో, సోకుడు తగ్గిన పిమ్మట అది అధికమై లేనిపోని చూపులు, అసంకల్పితపు మెలికలు పుట్టించును. కొన్ని వారములు గడచిన పిమ్మట, అదే వేళకు, అదే మాత్ర పడిన పిమ్మట, ఆయన నడకను మొన్నటి నడకతో పోల్చి చూడవలెను. అప్పటికిని మిగిలిన లోటు ఎంతయో దానినే కంపవాతపు ఖాతాలో వ్రాయవలెను, దానికే డాక్టరు మందు మార్చవలెను.